ఒంటి చేతి జాకెట్టు

నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. గరిడేపల్లి నుంచి మా ఊళ్లోకి వచ్చే రోడ్డు మీద, పాలకేంద్రం పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. మిషను మీద కాళ్లు ఆడుతుంటే నోరు ఊరికే ఉండదు. యూరియా కోసం సొసైటీ ముందు మనుషులకు బదులు చెప్పులు లైన్లో నిలబడ్డ రోజుల్లో, ఓటు హక్కు కూడా ఆ చెప్పులకే ఇచ్చేస్తే పోతుంది కదా అన్నాను. బీసీల వాటా మీద టీవీలో పెద్దమనుషులు నెలల తరబడి కొట్టుకుంటుంటే, వీళ్లలో ఎంతమంది ఇంట్లో బీరువా తాళం ఆడమనిషి దగ్గర ఉందో అడగండి అన్నాను. తుఫాను వచ్చి కొనుగోలు సెంటర్లో పోసిన వడ్లు మొలకలెత్తినప్పుడు, వాన వస్తుందని ఫోన్లో ముందే చూపించిన వాళ్లు వాటి మీద కప్పడానికి టార్పాలిన్ పట్టాలు ఎందుకు చూపించలేదని అడిగాను. జవాబు ఎవరిస్తారు? జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వేవాళ్లు, ఇంకో వార్త చెప్పమనేవాళ్లు.

ఆ మధ్య ఫోన్లో మన ఫొటో పెడితే చీర కట్టి ఇచ్చే పిచ్చి ఒకటి వచ్చింది కదా, అప్పుడు చూడాలి నా తిప్పలు. ఊళ్లో ఆడపిల్లలంతా పట్టుచీరల్లో తయారై, ఆ ఫొటోలు తెచ్చి నా ముందు పెట్టి, ఇట్లాంటి జాకెట్టే కావాలన్నారు. చూస్తే దానికి కుట్టు లేదు, హుక్కు లేదు, తల ఎక్కడినుంచి దూర్చాలో లేదు. ‘ఏఐకే చెప్పుండ్రి, వచ్చి కుడతది’ అని పంపేశాను. అది నిజంగానే వచ్చి నా నోటికే కుట్లు వేస్తుందని నాకేం తెలుసు.

మా ఊరి సర్పంచ్ సీటు ఈసారి బీసీ మహిళకు వచ్చింది. నా భర్త శ్రీనాథ్ మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాడు. సర్పంచ్ కావాలని ఆయనకు ఎన్నేళ్ల కోరికో. సీటు ఆడవాళ్లకు పోయిందన్న వార్త వచ్చిన పొద్దున, ఛాయ్ గ్లాసు పట్టుకుని నా వైపు చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"శోభా, నువ్వు నిలవడుతున్నవ్," అన్నాడు.

"నన్ను అడుగుతున్నవా, సెప్తున్నవా?"

"సెప్తున్న."

సరే అన్నాను. అబద్ధం ఎందుకు, నాకూ లోపల ఆశ పుట్టింది. ఇన్నేళ్లు మిషను మీద కూర్చుని అందరినీ అనడమే గానీ, ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని చూస్తే ఎట్లా ఉంటుందో అనిపించింది. మా మామ కొమురయ్య గొర్లు కాస్తాడు, అత్త యాదమ్మ కూడా గొర్ల దొడ్డి దగ్గరే పుట్టి పెరిగిన మనిషి. మా కురుమ వాడలో ఇప్పటిదాకా వార్డు మెంబరు దాటి పైకి పోయిన వాళ్లు లేరు.

అసలు కథ మా మరిది శివకుమార్‌తో మొదలైంది. అతనికి కోదాడ బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు, వీడియోలు చేసే దుకాణం ఉంది. ప్రచారం మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, ఏదో కాగితం ఇచ్చి ఫోన్లో చదివించి రికార్డు చేశాడు. తర్వాత నా ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"వదినె, ఇగ ఎలక్షన్ ఒడిసెదాంక నీ ఫోన్ నా తాన్నే ఉంటది. స్టేటస్‌లు, మెసేజ్‌లు అన్నీ నేనే సూస్కుంట. నువ్వు చేతులు జోడించి నవ్వు, సాలు."

"నేను మాట్లాడొద్దా?"

"నువ్వు మాట్లాడితే ఉన్న ఓట్లు పోతయ్," అన్నాడు నా భర్త లోపలి నుంచి. ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను.

రెండో రోజు నుంచి మైకు కట్టిన ఆటోలో నేను ఊరంతా తిరుగుతూ మాట్లాడుతున్నాను. నేను ఇంట్లో చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతుంటే, వీధిలో నా గొంతు ‘ప్రియమైన గ్రామ ప్రజలారా, మహిళా సాధికారతే నా ధ్యేయం’ అంటోంది. ఫోన్లలో వీడియో కూడా వచ్చింది. మొహం నాదే, గొంతు నాదే, అందులో నేను అనే మాట ఒక్కటి లేదు. మా అత్త ఆ వీడియో చూసి, చెంపకు చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందే పిల్లా, నాతోని గింత మెత్తగ ఎన్నడన్న మాట్లాడినవా?"

"అది నేను గాదత్తా."

"మరి గామెనే తెచ్చుకుందుము గదనే కోడలుగ," అంది.

నాకు పోటీగా నిలబడింది దీప ఒక్కతే. సాంసన్ భార్య. వాళ్లు ఉండేది పైవాడలో. సాంసన్ రెండెకరాలు కౌలుకు చేస్తూ, మిగతా రోజుల్లో కూలికి పోతాడు. దీపది కోదాడ పుట్టిల్లు. గరిడేపల్లిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, సాయంత్రం మా వాడ పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. చర్చికి పోయే ఆ కుటుంబాలను రికార్డుల్లో బీసీ-సీ అని రాస్తారు కాబట్టి సీటుకు ఆమె కూడా అర్హురాలే. నామినేషన్ వేసే చోట ఇద్దరం ఎదురుపడి నవ్వుకున్నాం. పేర్ల వరుసలో ఆమెది ముందు కాబట్టి ఆమెకు ఉంగరం గుర్తు వచ్చింది, నాకు కత్తెర వచ్చింది.

"అక్కా, కత్తెర నీకే రావాలి. దేవుడు కూడా నీ కస్టమరే," అంది.

నా వార్తలు వినే వాళ్లలో మొదటిది దీపే. నేను కోపంగా అనేవాటిని ఆమె పేపరు చదివి సరిచేసేది. ‘అక్కా, బీసీల వాటా కోర్టు ఆపింది, గవర్నమెంటు కాదు’ అనేది. ‘ఎవరు ఆపితే ఏంది, ఆగింది గదా’ అనేదాన్ని. ఆ మనిషి లేకపోతే నా మిషను దగ్గర సాయంత్రం గడిచేది కాదు.

ఇప్పుడు జాకెట్టు సంగతి చెప్పాలి. నామినేషన్లకు కొద్దిగా ముందు దీప సూర్యాపేటలో క్రిస్మస్ చీర కొనుక్కుని వచ్చింది. ఎర్ర అంచు తెల్ల చీర. దాని మీదకు మోచేతుల దాకా బంగారు పని చేసిన జాకెట్టు అడిగింది. నా పని పద్ధతి ఒకటి ఉంది. ఒక చెయ్యి మాత్రమే కచ్చా కుట్లతో నిలిపి, మనిషికి తొడిగి చూస్తాను. అది సరిగ్గా కూర్చుంటేనే రెండో చెయ్యి వేస్తాను. తొడిగినప్పుడు నా ఫోన్లో ఒక ఫొటో తీసుకుంటాను. ఎక్కడ వదులు చెయ్యాలో, ఎక్కడ పట్టాలో విప్పి కుట్టేటప్పుడు ఆ ఫొటో చూస్తూ చేస్తాను. దీప తెర వెనక చీర కూడా కట్టుకుని బయటికి వచ్చింది. కుడి చెయ్యి బంగారు పనితో మెరుస్తోంది, ఎడమ చెయ్యి భుజం దాకా ఉత్తగా ఉంది. అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వింది. అప్పుడే ఫొటో తీశాను.

"అక్కా, నీ పుణ్యముంటుంది, ఈ ఒంటి చెయ్యి ఫొటో ఎవరికీ పంపకు. బడిలో పరువు పోతుంది."

"నా పానం పోయినా పంప," అన్నాను.

ప్రచారం మర్నాటితో ముగుస్తుందనగా ఆ వీడియో వచ్చింది. నేను చూసేసరికే ఊరంతా చూసేసింది. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లు గుమిగూడి ఒకే ఫోనులోకి తొంగిచూస్తుంటే నేనూ వెళ్లాను. అందులో దీప మాట్లాడుతోంది. "నేను గెలిస్తే కుంట పక్కన ఉన్న గొర్రెల దొడ్లన్నీ ఖాళీ చేయిస్తాను. ఆ దుర్వాసన ఇక భరించలేం. అక్కడ ప్రార్థనా మందిరం కట్టిస్తాను," అంటోంది. తీరుగా, నవ్వుతూ, కళ్లు ఆడిస్తూ అంటోంది.

నేను మాటలు సగమే విన్నాను. ఆమె తెల్ల చీర కట్టుకుని ఉంది. కుడి చేతికి బంగారు పని, ఎడమ చెయ్యి ఉత్తది. ఆ చీర దీప ఇంకా ఒక్కసారి కూడా కట్టుకుని వీధిలోకి రాలేదు. ఆ జాకెట్టు నా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఆ ఫొటో ఈ భూమ్మీద ఒక్క ఫోన్లోనే ఉంది, ఆ ఫోను నా మరిది జేబులో ఉంది.

ఇంటికి పోయేసరికి మా మామ గొంగడి భుజాన వేసుకుని బయలుదేరుతున్నాడు. కోతలయ్యాక ఏటా ఆయన సాంసన్ చేసే చేన్లో మంద పెడతాడు. రాత్రిళ్లు గొర్లు అక్కడ పడుకుంటే ఆ ఎరువుతో చేను బాగుపడుతుంది. దున్నడానికి, మందులకు పెట్టుకోలేని సాంసన్‌కు ఆ ఎరువే దిక్కు. ఈ ఏడు మంద పెట్టి వారం కూడా కాలేదు.

"మంద లేపుకొస్త," అన్నాడు మామ. "మా గొర్లు కంపు గొడ్తున్నయట గదా. కంపు గొట్టే ఎరువు ఆయనకెందుకు?"

"మామా, జర ఆగు."

ఆగలేదు. మా అత్త వాకిట్లో నిలబడి పైవాడ వైపు చూస్తూ దీపను పేరు పెట్టి తిడుతోంది. మా వాడలో పిల్లలను ఆ సాయంత్రం నుంచే ట్యూషన్ మాన్పించారు. ఒక వీడియోతో ఇన్నేళ్ల రాకపోకలు ఆగిపోయాయి.

శ్రీనాథ్, శివకుమార్ కలిసి ఇంటికి వచ్చాక తలుపు దగ్గరికి వేసి అడిగాను.

"ఎవలు జేసిండ్రు గది?"

శివకుమార్ దాచలేదు. పైగా మెచ్చుకుంటాననుకున్నాడు. "ఎట్లుంది వదినె? పెదాలు ఎక్కడన్న తప్పినయా?"

"థూ! ఫొటో నా ఫోన్లది."

"మస్తు క్లియర్ ఉండె, గందుకే తీస్కున్న."

"ఒక చెయ్యి లేదురా దానికి! కనవడలేదా?"

"ఫ్యాషనేమో అనుకున్న," అన్నాడు. తల గోక్కున్నాడు. నాకు ఏడవాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

శ్రీనాథ్ మధ్యలోకి వచ్చాడు. గొంతు తగ్గించి, మిల్లులో రైతుకు తేమ ఎక్కువుందని చెప్పే గొంతుతో మాట్లాడాడు. "జర ఇను శోభా. పోలింగ్ అయినంక డిలీట్ జేస్తడు. ఎవలు యాదుంచుకోరు. ఇప్పుడు నువ్వు నోరిప్పినవనుకో, కేసయితది. శివుడు లోపలికి పోతడు. నీ మరిది జైలుకు పోతే నీకు మంచిగుంటదా?"

"మరి దీప?"

"దీపకేమైంది? ఓడిపోతది, గంతే గదా."

ఓడిపోవడం ఒక్కటే అయితే నాకూ బాధ లేదు, నేను నిలబడిందే ఆమెను ఓడించడానికి. కానీ ఆమె అనని మాట ఆమె నోట్లో పెట్టి, నా మామకూ సాంసన్‌కూ మధ్య గోడ కట్టారు. అది పోలింగ్‌తో పోయేది కాదు. డిలీట్ కొడితే ఫోన్లోంచి పోతుంది గానీ, మా మామ కడుపులోంచి పోతుందా?

ఆ సాయంత్రమే దీప మా దుకాణం ముందుకు వచ్చింది. లోపలికి రాలేదు. రోడ్డు మీద నిలబడింది. నా పక్కనే శ్రీనాథ్, ఆయన మనుషులు ఫ్లెక్సీ కట్టెలు సరిచేస్తున్నారు. దీప ఏడవలేదు, అరవలేదు.

"అక్కా, నీకు ఫోన్ చేస్తే కలవడం లేదు."

"ఫోన్ నా దగ్గర లేదు దీపా."

"ఆ ఫొటో ఎవరికీ పంపనన్నావు," అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. శ్రీనాథ్ దగ్గాడు. యూరియా మీద, కోర్టుల మీద, దేశం మీద ఇన్ని మాటలన్న నోరు, ఒక్క మాట చెప్పాల్సిన చోట మూతపడింది. దీప కొంచెంసేపు చూసి వెళ్లిపోయింది. సాంసన్ మండలానికి పోయి ఫిర్యాదు చేస్తానంటే, ఊరు రెండు ముక్కలవుతుందని ఆమే ఆపిందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి పోతాను, వచ్చిన పని మరిచిపోతాను. మేకుకు వేలాడుతున్న ఆ జాకెట్టు వైపు చూడకూడదనుకుంటాను, చూస్తాను. మైకు పట్టుకుని చెబుదామంటే మైకు వాళ్ల చేతిలో ఉంది. ఫోన్లో పెడదామంటే ఫోను లేదు. ఉన్నా ఏం లాభం, నేను నిజంగా మాట్లాడిన వీడియో పెడితే అది కూడా దీప వాళ్లు చేయించిన ఏఐ అంటారు. నా సొంత మొహంతో నేను నిజం చెప్పినా నమ్మించలేని కాలం ఒకటి వచ్చిపడింది. దీన్ని అభివృద్ధి అంటున్నారు, నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు.

మర్నాడు ప్రచారానికి ఆఖరి రోజు. పొద్దున్నే శ్రీనాథ్ కొత్త కుంకుమ డబ్బా తెచ్చి ఇచ్చాడు. మా వైపు ఆడమనిషి నిలబడితే ఇంటింటికీ పోయి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడగాలి. ముందు డప్పులు, వెనక జెండాలు, ఆటోలో మైకు. కానీ గడప దగ్గరికి వచ్చేసరికి మగవాళ్లంతా వీధిలోనే ఆగిపోతారు. బొట్టు పెట్టే చోటికి మగవాళ్లు రారు. ఎన్నో ఎన్నికల్లో చూసిన సంగతే. కుంకుమ డబ్బా చేతిలో పెట్టుకుని నిలబడ్డప్పుడు అది నాకు కొత్తగా కనిపించింది.

ఇంట్లోకి పోయి, మేకు మీది జాకెట్టు తీసి, పళ్లెంలో పరిచాను. దాని మీద రుమాలు కప్పి, పైన కుంకుమ డబ్బా, పసుపు పెట్టాను. పళ్లెం మా అత్త పట్టుకుంది. ఆమెకు ఏమీ చెప్పలేదు.

మొదటి ఇల్లు లచ్చయ్యది. ఆయన భార్య, ఇద్దరు కోడళ్లు అరుగు దాటి లోపల నిలబడ్డారు. ముగ్గురికీ బొట్టు పెట్టాను. వీధిలో మైకులో నేను ‘పారదర్శకమైన పాలన’ అంటున్నాను. ఇక్కడ నేను రుమాలు తీశాను.

"వదినా, దీప వీడియో సూసిండ్రా మీరు?"

"సూడకేం? దానికి పొయ్యేకాలం," అంది లచ్చయ్య భార్య.

"గా వీడియోల దీప తొడుక్కున్న జాకెట్ ఇది. సూడు, ఒక చెయ్యే ఉన్నది. ఇంకో చెయ్యి నేనింక కుట్టనే లేదు. ఇది నా ఇల్లు దాటి పోలే. గా ఫొటో నేనే దీసిన, నా ఫోన్ల ఉండె. మా ఇంటోల్లే దాంతోని వీడియో జేసిండ్రు. దీప ఒక్క మాట గూడ అనలే."

లచ్చయ్య పెద్ద కోడలు ఫోను తీసి వీడియో పెట్టింది. ఫోన్లో చెయ్యిని, పళ్లెంలో చెయ్యిని మార్చి మార్చి చూశారు. పళ్లెం పట్టుకున్న మా అత్త కూడా వంగి చూసింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. ఇక్కడే నన్ను తిట్టి, వీధిలోకి పోయి కొడుకులకు చెబితే నా పని ఖతం.

"మీ ఇంటోల్లు అంటే ఎవలే?" అంది అత్త మెల్లగా.

"శివుడు అత్తా. మీ పెద్దకొడుక్కి ఎరికే."

ఆమె రుమాలు తీసి మళ్లీ జాకెట్టు మీద కప్పింది. పద అన్నట్టు ముందు నడిచింది. రెండో ఇంట్లో నేను చెబుతుంటే పళ్లెం పట్టుకుని నిలబడింది. మూడో ఇల్లు పరశురాములుది. ఆయన తల్లి, మా అత్త చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన వాళ్లు. నేను బొట్టు పెట్టి నోరు తెరిచేలోపే అత్త పళ్లెం కింద పెట్టి రుమాలు లాగేసింది.

"సూడుండ్రి, జర ఈ చెయ్యి సూడుండ్రి. నా కొడుకు లంగపని జేసిండు. నా కడుపున పుట్టినోడే. గా పిల్లను నేను రోడ్డు మీద నిలవడి తిట్టిన. నా నోట్ల మన్నువడ," అంది. ఏడ్చింది కూడా.

అట్లా వాడ మొత్తం తిరిగాం. వీధిలో డప్పులు కొడుతూనే ఉన్నారు. శ్రీనాథ్ చేతులు ఊపుతూ, వదిలిపోయిన ఇళ్లు గుర్తుచేస్తూ, ‘గీ ఇంట్ల గూడ పోయి రాపో’ అని తనే పంపించాడు. ఒక్కో ఇంట్లో ఇంతసేపు ఏం చేస్తున్నారని అడిగితే మా అత్త, ‘ఓట్లు ఊకెనే వస్తయా బిడ్డా’ అంది. పైవాడలో బొట్టు పెట్టుకోరు కాబట్టి అక్కడ చేతులు జోడించి చెప్పాను. దీప ఇంటి తలుపు వేసి ఉంది. తట్టాను, తెరవలేదు.

సాయంత్రం మైకులు బంద్ అయ్యేసరికి ఆడవాళ్ల నుంచి మాట మగవాళ్లకు చేరింది. శ్రీనాథ్ ఇంట్లోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. చెయ్యి లేపాడు. మా అత్త మధ్యలోకి వచ్చేసరికి దించాడు.

"నా ముక్కు కోసినవ్ గదనే," అన్నాడు. "పోటీ నువ్వా, గామెనా?"

మామ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. లేచి గొంగడి దులుపుకున్నాడు. "శివుని అసుంటోల్లకు గొర్రె తోక ఎటుంటదో తెల్వది, దొడ్ల సంగతి మాట్లాడుతరు," అని, మందను తోలుకుని సాంసన్ చేను వైపు పోయాడు. గొర్ల మెడల గంటలు పైవాడ దాకా వినిపించి ఉంటాయి. నాకు ఆ రోజు మొదటిసారి అన్నం సహించింది.

పోలింగ్ రోజు నేను కత్తెర మీదే ముద్ర వేశాను. ఎవరు అడిగినా ఇదే చెబుతాను. దీప మీద అబద్ధం తుడిచెయ్యాలని ఎంత ఉండిందో, గెలవాలని కూడా అంతే ఉండింది. రెండూ ఒక్క మనిషిలో ఉండకూడదని ఎక్కడ రాసి ఉంది?

మధ్యాహ్నం బళ్లో లెక్కింపు. నేను గెలిచాను. తక్కువ తేడాతో కూడా కాదు, బాగానే గెలిచాను. బయటికి రాగానే లచ్చయ్య భార్య నన్ను వాటేసుకుంది.

"సొంత ఇంటి తప్పు ఎవలు బయట పెడ్తరే? నువ్వు పెట్టినవ్. ఉంగరానికి ఏద్దామనుకున్న మా కోడండ్లు గూడ నీకే ఏసిండ్రు," అంది.

దీప కోసం చెప్పిన మాటకు ఓట్లు నాకు పడ్డాయి. జనం గులాల్ చల్లుతున్నారు, కళ్లలో పడింది. అంతలో శ్రీనాథ్ వచ్చాడు. రెండు రోజులుగా నాతో మాట్లాడని మనిషి మొహం ఇప్పుడు చాటంత ఉంది. నా చెవి దగ్గర వంగి, "ఏం ప్లాన్ ఏసినవే శోభా! నాకొక్క మాటన్న సెప్పొద్దా?" అన్నాడు. వెనక నుంచి శివకుమార్ అందుకున్నాడు. "నీ ముందట ఏఐ ఏం పనికొస్తది వదినె! మేము దీప పేరు ఖరాబ్ జేద్దమనుకుంటే, నువ్వు గా జాకెట్‌నే సూపిచ్చి గెలిసినవ్," అని నా ఫోను నా చేతిలో పెట్టాడు.

"ప్లాన్ గాదురా," అన్నాను. ఎవరు వింటారు? డప్పుల మోతలో నాకే వినిపించలేదు. దూరంగా గేటు దగ్గర దీప, సాంసన్ నిలబడి ఉన్నారు. దీప నన్ను చూసి చేతులు జోడించి, "వందనాలు అక్కా" అంది. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు.

క్రిస్మస్‌కు ముందు రోజు దాకా ఆమె జాకెట్టు కోసం రాలేదు. రెండో చెయ్యి ఎప్పుడో కుట్టి పెట్టాను. మిషను మీద పని చేస్తూ రోడ్డు వైపే చూస్తున్నాను. వచ్చిన వాళ్లంతా ‘సర్పంచమ్మా, ఇయ్యాల వార్తలు సెప్పవా’ అంటున్నారు. ఏ వార్త మీదా నాకు నోరు రావడం లేదు. ఎవరో మంత్రి ఎవరినో ఏదో అన్నాడని వీడియో చూపించారు. ముందైతే ఆ మనిషిని దులిపేసేదాన్ని. ఇప్పుడు ఆయన నిజంగా అన్నాడో లేదోనని ఫోను తిరిగి ఇచ్చేశాను.

దీప మధ్యాహ్నం వచ్చింది. మామూలుగానే పలకరించింది, మామ మంద పెట్టినందుకు సాంసన్ సంతోషించాడని చెప్పింది. ట్యూషన్‌కు పిల్లలు మళ్లీ వస్తున్నారట. నేను జాకెట్టు తీసి ఇస్తే వెంటనే తీసుకోలేదు.

"అక్కా, ఒకటి అడుగుతాను, కోపం చేసుకోవద్దు. ఇంటింటికీ తిరిగి చెప్పావు కదా. నా కోసం చెప్పావా, ఓట్ల కోసం చెప్పావా?"

"నీ కోసమే దీపా."

నిజమే చెప్పాను. కానీ బయటికి వచ్చాక ఆ మాట మెత్తగా, శుభ్రంగా వినిపించింది. ఆటో మైకులో ఊరంతా తిరిగిన ఆ గొంతులాగే ఉంది. ఇంకో నాలుగు మాటలు కలిపి చెబుదామనుకున్నాను. ఏం కలిపినా అట్లాగే ఉంటుందని భయమేసి ఊరుకున్నాను. దీప సరేనన్నట్టు తల ఊపి, జాకెట్టు తీసుకుని తెర వెనక్కి పోయింది.

తొడుక్కుని బయటికి వచ్చింది. రెండు చేతులూ సమంగా మెరుస్తున్నాయి. ఎడమ చంక దగ్గర కొంచెం పట్టేసింది, విప్పి వదలాలి. అలవాటు కదా, నా చెయ్యి మిషను మీదున్న ఫోను వైపు పోయింది. దీప ఒక అడుగు వెనక్కి వేసింది. ఉత్త చెయ్యి కాకపోయినా, ఎడమ చేతిని కుడి చేత్తో కప్పుకుంది.

"అక్కా, ఆ ఫోన్ కొంచెం అవతల పెట్టవా," అంది.

ఫోను తీసుకుపోయి బయట అరుగు మీద పెట్టాను. అందులో శివకుమార్ పొద్దున పెట్టిన వీడియోలో నేను ఊరందరికీ ధన్యవాదాలు చెబుతున్నాను. తిరిగి వచ్చి తలుపు దగ్గరికి వేసి, టేపు మెడలో వేసుకుని, చెయ్యి లేపమన్నాను. దీప లేపింది. నేను చంక దగ్గర కుట్టు చూస్తున్నంతసేపూ ఆమె తలుపు వైపే చూస్తూ నిలబడింది.